వంపు స్పినెల్ కిటికీ: డ్రాయింగ్ నుంచి డెలివరీ దాకా నా అనుభవం

విమానంలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌కి ముందు బిగించే కిటికీ కావాలని, అది వంపుగా ఉండాలని, పారదర్శక సిరామిక్‌తో చేయాలని 2023 డిసెంబరులో మాకు డ్రాయింగ్ వచ్చింది. ఆఖరి పెట్టె 2025 జూన్‌లో వెళ్ళింది. ఆర్డరులో రాసుకున్న గడువు తొమ్మిది నెలలు. ఈ మధ్య హైదరాబాదులో ఇలాంటి పనులకి కొటేషన్లు వేసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫోన్ చేసి "అన్నా, నిజంగా ఎంత టైం పడుతుంది?" అని అడిగేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్ళకీ గంటసేపు చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను. కొన్నవాళ్ళెవరో, ఏ విమానమో అడక్కండి. సైజులు కూడా కొంచెం అటూ ఇటూగా చెప్తాను.

మాది ఆప్టికల్ షాపు. గాజు లెన్సులు, ప్రిజమ్‌లు, జెర్మేనియం కిటికీలు రుద్దడం మా పని. సిరామిక్ పొడి మేమెప్పుడూ ముట్టుకున్నది కాదు. అందుకని సిరామిక్ పని తెలిసిన ఇంకో చిన్న యూనిట్‌తో కలిసి ఆర్డరు తీసుకున్నాం. పొడి, ప్రెస్సు, కొలిమి వాళ్ళవి. గ్రైండింగు, పాలిషింగు మావి. హిప్ యంత్రం (వేడి, వాయువు ఒత్తిడి కలిపి ముక్కని అన్ని వైపులా నొక్కేది) ఇద్దరి దగ్గరా లేదు, కోటింగ్ చాంబరూ లేదు. ఆ రెండింటికీ బయటికి పోవాల్సిందే. మాకు పోయిన కాలంలో పెద్ద వాటా ఆ రెండు గుమ్మాల ముందే పోయింది.

డ్రాయింగ్‌లో ఉన్నది ఇది. గోళంలోంచి కోసిన చిప్ప లాంటి ఆకారం, వ్యాసం 120 మిల్లీమీటర్లు, బయటి వంపు వ్యాసార్ధం 100, మందం 5. లెక్క వేస్తే అంచు నుంచి నడినెత్తికి 20 మిల్లీమీటర్ల ఎత్తు. 3 నుంచి 5 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్ పోవాలి. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వరస: 1.06 మైక్రాన్ల లేజర్ కూడా ఈ కిటికీలోంచే పోవాలి. ఆ వరసతోనే ఏ పదార్థమో తేలిపోయింది. జెర్మేనియం గానీ సిలికాన్ గానీ 1.06 దగ్గర కాంతిని పోనివ్వవు. జింక్ సల్ఫైడ్ పోనిస్తుంది గానీ మెత్తన. విమానం వేగంలో వానచినుకులూ ఇసుకా తగిలితే దాని ముఖం చెడిపోతుంది. సఫైర్ గట్టిదే, ఎఫ్-35 ముక్కు కింద సెన్సర్‌కి వాడింది అదే. కానీ అక్కడ బల్లపరుపు పలకల్ని కోణాలుగా కలిపి కట్టారు. సఫైర్ ఒకే స్ఫటికం. దాన్ని వంపుగా తొలచాలంటే రాయిలో ఎక్కువ భాగం పొడిగా పోతుంది. పైగా కాంతి వెళ్ళే దిక్కుని బట్టి అది రెండు రకాలుగా వంచుతుంది. స్పినెల్ అంటే మెగ్నీషియం అల్యూమినేట్. దాని స్ఫటికం ఘనాకారం, అన్ని దిక్కులా ఒకే తీరు. అందుకే వేల వేల చిన్న రేణువులు కలిసిన ముక్క కూడా పారదర్శకంగా వస్తుంది, పొడిని కావలసిన వంపుకి దగ్గరగా ఒత్తి కాల్చుకోవచ్చు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (లోహపు పొడులు, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం) వాళ్ళు ఏళ్ళ తరబడి దీని మీద పని చేస్తున్నారు. వాళ్ళ పేపర్లు ముందేసుకునే మేం కూర్చున్నాం.

2024 జనవరిలో ఆర్డరు చేతికొచ్చింది. పొడి విదేశం నుంచి రావాలి. గ్రాముకి 30 చదరపు మీటర్ల ఉపరితలం ఉండే మెత్తటి పొడి, మలినాలు లక్షలో కొన్ని వంతులకి మించకూడదు. డబ్బు ముందే కట్టాలి. కట్టాక వారాల తరబడి ఫోన్లు, ఆ తర్వాత కస్టమ్స్. "ఇది మందా, రంగా, ఏంటిది?" అని అడిగారు. సేఫ్టీ షీటు పంపితే ఇంకో కాగితం అడిగారు. పొడి మార్చి చివర్లో వచ్చింది. అప్పటిదాకా ఉక్కు అచ్చు, పాలియురేథేన్ రబ్బరు సంచి తయారు చేసుకున్నాం. ఒక సలహా: ఎంత కావాలో దానికి రెట్టింపు పొడి ఒకే లాట్‌లోంచి తెప్పించుకోండి. లాట్ మారితే కొలిమిలో కుంచించుకునే తీరు మారుతుంది. మనం వేసుకున్న లెక్కలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

పొడిని నీళ్ళలో బైండర్‌తో, అంటే రేణువుల్ని పట్టి ఉంచే జిగురుతో కలిపి మిల్లులో తిప్పి, స్ప్రే డ్రయ్యర్‌లో చిన్న గుళికలుగా ఆరబెడతారు. ఆ గుళికలు ఇసుకలా జారాలి, ఒత్తిడి పడగానే చితికిపోవాలి. గుళిక లోపల బోలుగా ఉన్నా, బైండర్ ఎక్కువై గట్టిపడినా, అది చితక్కుండా మిగిలిన చోట ఖాళీ ఉండిపోతుంది. ఆ ఖాళీ కంటికి కనబడేది నెలల తర్వాత, పాలిష్ అయ్యాకే. ఈ పనిలో నన్ను అన్నిటికంటే వేధించింది ఇదే. దోషం పుట్టే రోజు వేరు, బయటపడే రోజు వేరు. మధ్యలో మనం డబ్బు పోస్తూనే ఉంటాం, ముక్క మంచిదో చెడ్డదో తెలియకుండా.

ఏప్రిల్‌లో ప్రెస్సింగ్. నున్నటి ఉక్కు దిమ్మె మీద రబ్బరు సంచి తొడిగి, మధ్య సందులో గుళికలు నింపి, గాలి లాగేసి, మూతి బిగించి నీళ్ళ పాత్రలో దించుతారు. నీటి ఒత్తిడి 200 మెగాపాస్కల్స్, అంటే సుమారు రెండు వేల వాతావరణాలు. ఎక్కించడం తేలికే. దించడమే ఓపిక పని. ఒత్తిడి ఒక్కసారి వదిలితే లోపల చిక్కుకున్న గాలి ఉబ్బి ముక్క పొరలు పొరలుగా చీలుతుంది. అందుకని వాల్వుని వెంట్రుకవాసి తిప్పుతూ అరగంట పైన దించేవాళ్ళు. అక్కడి కుర్రాడు గేజి మీంచి కళ్ళు తిప్పేవాడు కాదు, ఫోన్ మోగినా ఎత్తేవాడు కాదు. రబ్బరు ఒలిచి ముక్కని బయటికి తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. తెల్లగా, నున్నగా, గోరుతో గీస్తే పొడి రాలేటంత మెత్తగా ఉంది. దీన్ని పచ్చి ముక్క అంటారు. సాంద్రత పూర్తి స్పినెల్‌లో 55 శాతం. మిగతా 45 శాతం గాలి. ఆ గాలినంతా తరిమేయడమే తర్వాతి నెలల పని.

ఆ గాలి పోయేటప్పుడు ముక్క పొడవూ వెడల్పూ 18 శాతం తగ్గుతాయి. రుద్దడానికి కాస్త అదనం ఉంచుకుని 126 మిల్లీమీటర్ల ముక్క కావాలంటే పచ్చిగా 154 మిల్లీమీటర్లు ఒత్తాలి. ఈ దశలోనే అంచులు, మందం సీఎన్‌సీ మీద సరిచేసుకోవాలి. ఇప్పుడు కార్బైడ్ టూలుతో నిమిషాల్లో పోయే పదార్థం, కాల్చాక వజ్రంతో రోజుల మీద పోతుంది. అయితే కూలెంట్ పోయకూడదు. పొడిగానే కోయాలి. దుమ్ము గదంతా లేస్తుంది. మాస్కు తీస్తే నోరంతా సుద్ద రుచి. ఇంటికెళ్తే మా ఆవిడ "చొక్కా బయటే విప్పండి" అనేది.

మే నెల బైండర్ కాల్చడానికి పోయింది. నిమిషానికి ఒక డిగ్రీ కంటే తక్కువగా, 600 డిగ్రీల దాకా. తొందరపడితే లోపల పుట్టిన ఆవిరి బయటికి పోలేక పగుళ్ళు పెడుతుంది. ఒక రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకుంది. కానీ ఆ రెండు క్షణాల్లో కొలిమి కంట్రోలర్ ఆగి, మళ్ళీ లేచి, ప్రోగ్రాం మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. పొద్దున్న చూస్తే ముక్కలన్నీ చక్కగానే ఉన్నాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. తర్వాతి కాల్పులో బయటికొచ్చాక ఆ బ్యాచ్‌లో సగం ముక్కల్లో వెంట్రుక మందం బీటలు. జనరేటర్ ఉంటే చాలదు, కంట్రోలర్‌కి విడిగా యూపీఎస్ ఉండాలి. కొన్ని వేల రూపాయల డబ్బా అది. పోయిన ముక్కల విలువతో అలాంటివి గది నిండా కొనొచ్చు.

జూన్‌లో అసలు కాల్పు, 1550 డిగ్రీల చుట్టుపక్కల. నాకు కొత్తగా తెలిసిన విషయం కొలిమిలో ముక్కని దేని మీద పెడతారన్నది. 18 శాతం కుంచించుకునే ముక్క కింద కదలని పలక ఉంటే, అంచు దాన్ని పట్టుకుని ఈడుస్తుంది. గుండ్రటి ముక్క కోలగా తేలుతుంది. అందుకని అదే పొడితో ఒత్తిన పచ్చి పలక ఒకటి కింద పెడతారు. అది కూడా పైదానితో పాటే కుంచించుకుంటుంది. తర్వాత దాన్ని పారేస్తారు. అంటే ప్రతి కిటికీకి ఖరీదైన పొడి ఇంకో పలకంత అదనంగా పోతుంది. మా కొటేషన్‌లో ఆ పలకకి లెక్క లేదు. మీరు వేసుకోండి.

కొలిమి తెరిచినప్పుడు మా షాపు నుంచి వెళ్ళిన ముగ్గురం కాస్త నీరసపడ్డాం. పారదర్శకం అన్నారు కదా, కనీసం వెలుగైనా దూరుతుందనుకున్నాం. బాత్రూం టైల్ లాగా తెల్లగా, వెలుగు దూరకుండా ఉంది. 97 శాతం సాంద్రత దగ్గర అంతేనట, మిగిలిన మూడు శాతం గాలి చాలు కాంతిని మొత్తం చెదరగొట్టడానికి. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటే: మిగిలిన రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉండాలి. నీళ్ళలో ముంచి తూచి చూస్తారు. ముక్క నీళ్ళు తాగిందంటే రంధ్రాలు పైకి తెరుచుకుని ఉన్నట్టు. దాన్ని హిప్‌కి పంపడం దండగ. ఆర్గాన్ ఆ రంధ్రాల్లోకే దూరిపోతుంది, ఇక వాటిని నొక్కేదేముంది?

ఇక హిప్. 1600 డిగ్రీల వేడి, 150 మెగాపాస్కల్స్ ఆర్గాన్ ఒత్తిడి, రెండూ ఒకేసారి అన్ని వైపుల నుంచీ. జూన్ చివర్లో స్లాట్ అడిగితే సెప్టెంబరు అన్నారు. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ యంత్రానికి రోజువారీ పని లోహపు భాగాలు. టైటానియం అయితే 920 డిగ్రీల దగ్గర, 100 మెగాపాస్కల్స్‌లో అయిపోతుంది. మా కోసం లోపలి కొలిమిని మార్చి గ్రాఫైట్ కొలిమి దించాలి. ఆ మార్పు వాళ్ళు ఏడాదిలో ఏ కొద్దిసార్లో చేస్తారు. ఇంకొకళ్ళ సరుకుతో కలిపి వేయడం కుదరదు. పాత్ర నిండినా, ఒక్క ముక్క పెట్టినా రన్‌కి అదే రేటు, లక్షల్లో. అందుకే హిప్‌కి వెళ్ళే ముందు చేతిలో వీలైనన్ని మంచి ముక్కలు ఉండాలి. వాటితో పాటు చిన్న బల్లపరుపు బిళ్ళలు కూడా వేయించండి, ఎందుకో తర్వాత చెప్తాను. ఆ రెండున్నర నెలలు మేం మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళి బీటలు పోయిన ముక్కల్ని భర్తీ చేసుకున్నాం. వానాకాలం కదా, అంత మెత్తటి పొడి తేమ పీల్చుకుని ముద్దకట్టేది. గదిలో డీహ్యుమిడిఫయర్ పెట్టేదాకా గుళికలు సరిగ్గా రాలేదు.

వినాయక చవితి దాటాక హిప్ అయింది. ఫోన్‌లో ఫోటో పంపారు. చూసి కూర్చుండిపోయాను. ముక్కలు బూడిద రంగులో, కొన్ని దాదాపు నల్లగా ఉన్నాయి. వేడి గ్రాఫైట్ పక్కన ఆక్సిజన్ లేని చోట స్పినెల్ కొంత ఆక్సిజన్ కోల్పోతుంది, దాంతో రంగు మారుతుంది. పేపర్లలో చదివిన సంగతే. చదవడం వేరు, ఏడాది డబ్బు బొగ్గు రంగులో చూడడం వేరు. గాలిలో 1200 డిగ్రీల దగ్గర రోజు పైన ఉంచితే రంగు విడిచిపోయింది. ఇక్కడా తొందర పనికిరాదు. వేడి మరీ పెంచితే నొక్కుకుపోయిన రంధ్రాల్లో వాయువు వ్యాకోచించి అవి మళ్ళీ తెరుచుకుంటాయి, పాలరంగు తిరిగొస్తుంది.

ముక్కలు మా షాపుకి వచ్చిన రోజు పండగ లాగే ఉంది. పైభాగం ఇంకా గరుకే కాబట్టి ఏమీ కనబడదు. రెండు వైపులా గ్లిజరిన్ పలచగా రాసి కిటికీ వెలుగుకి పట్టుకుంటే లోపలి సంగతి బయటపడుతుంది. రాస్తున్న కొద్దీ వేలు కింద ముక్క మాయమై, అటువైపు కిటికీ చువ్వలు తేలాయి. చాలా వాటిలో బాగుంది. కొన్నిటిలో తెల్ల చుక్కలు. ఒకదాంట్లో సన్నని గీత, రెండు మిల్లీమీటర్ల పొడవు, కొంచెం వంకర. పొడిలో ఎప్పుడో పడ్డ నూలుపోగు అది. బైండర్‌తో పాటు కాలిపోయి తన ఆకారంలో ఖాళీ వదిలి వెళ్ళింది. ఏప్రిల్‌లో ఎవరి చేతి తొడుగులోంచో ఊడిన పోగు అక్టోబరులో నాకు కనబడింది.

మా పాలిషింగ్ అంతా పాతబస్తీ నుంచి వచ్చే చాచా చేతిలో ఉంటుంది. బైనాక్యులర్ ప్రిజమ్‌ల కాలం నుంచీ ఈ పనిలో ఉన్న మనిషి. ముక్కని అటూ ఇటూ తిప్పి, "సార్, జర పాల లెక్క కొడ్తున్నది గదా. గిదాంట్లకెల్లి కెమెరాకు ఏం కనవడ్తది?" అన్నాడు. నిజమే, అంచు వైపు నుంచి చూస్తే లేత పాలరంగు ఉంది. మిగిలిన రంధ్రాలు అర మైక్రాన్ అటూ ఇటూ. కాంతి తరంగం కూడా దాదాపు అంతే ఉన్నప్పుడు చెదరడం బాగా ఎక్కువ. అందుకే కంటికి మసక. అదే రంధ్రం 4 మైక్రాన్ల తరంగానికి లెక్కలోనే ఉండదు. 1.06 మైక్రాన్లు ఈ రెంటికీ మధ్యలో, అసలు పరీక్ష అక్కడే. చాచాకి ఇదంతా చెప్పాను. "చూద్దాం సార్, మీరన్నట్టే కానీ" అన్నాడు.

అదే వారం ఇంకో తమాషా. మా భాగస్వామి, కరెంటు ప్యానెళ్ళు చెక్ చేసే చేతి థర్మల్ కెమెరా ఒకటి తెచ్చి, పాలిష్ చేసిన బిళ్ళ ముందు పెట్టి చూశాడు. స్క్రీన్ మీద బిళ్ళ ఆకారమే తప్ప వెనక ఏమీ లేదు. మొహం పాలిపోయింది. "ఏంటిరా ఇది, ఇన్‌ఫ్రారెడ్ కిటికీ అన్నావు?" ఆ కెమెరాలు 8 నుంచి 14 మైక్రాన్లలో చూస్తాయి. స్పినెల్ 6 మైక్రాన్లు దాటేసరికే మూసుకుపోతుంది. మన కిటికీకి మన సెన్సరే కావాలి. కొనేవాళ్ళ మేనేజర్లు షాపుకి వస్తే ఇలాంటి కెమెరా ఎవరి జేబులోనైనా ఉందేమో ముందే అడగండి.

గ్రైండింగ్ అక్టోబరు నుంచి. 9 మిల్లీమీటర్ల మందంతో వచ్చిన ముక్కని రెండు వైపుల నుంచీ 5కి తేవాలి. జెనరేటర్ అనే గ్రైండింగ్ యంత్రం మీద (కరెంటు జనరేటర్ కాదు) వజ్రపు కప్ వీలుతో వంపు తీస్తాం. గాజు మీద ఒక షిఫ్టులో అయ్యే పని స్పినెల్ మీద వారం దాటింది. వీల్స్ అరిగే వేగం చూసి మా స్టోర్స్ అమ్మాయి రెండుసార్లు ఇండెంట్ వెనక్కి పంపింది, తప్పు రాశారేమో అని. తర్వాత పోత ఇనుము టూల్స్ మీద లాపింగ్: 15 మైక్రాన్ల వజ్రం, 6, 3, 1. ఒక్కో మెట్టులో, ముందు మెట్టు వదిలిన లోపలి పగుళ్ళ పొర పూర్తిగా పోవాలి. ముందు వాడిన రేణువు సైజుకి కనీసం మూడింతల లోతు తీయాలన్నది మేం పాటించిన లెక్క. తక్కువ తీసి ముందుకి పోతే ముఖం మెరుస్తుంది గానీ కింద గీతలు దాగి ఉంటాయి. వేడికి గురైనప్పుడు కిటికీ పగిలేది ఆ గీతల దగ్గరే.

ఆఖరి పాలిష్ దగ్గర చాచాకీ నాకూ చిన్న యుద్ధం. గాజుకి వాడే పద్ధతిలో పిచ్ (తారులాంటి పాలిషింగ్ పదార్థం) మీద గంటల తరబడి తోస్తే మెరుపు వచ్చింది. కానీ లైటు ఏటవాలుగా పెట్టి చూస్తే ముఖమంతా సన్నని గుల్లలు గుల్లలుగా ఉంది. ఒక్కో రేణువు ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది కాబట్టి కొన్ని తొందరగా, కొన్ని నెమ్మదిగా అరుగుతాయి. గట్టి పిచ్ తీసుకుని, చివర్లో కొల్లాయిడల్ సిలికాతో తక్కువసేపు తోస్తే సర్దుకుంది. గట్టి పిచ్ అన్నది నా మాట, తక్కువసేపు అన్నది చాచా మాట. బయటి ముఖం సులువు, లోపలి ముఖం కష్టం. రెండు గోళాల కేంద్రం ఒకటే కావాలి. మందం ఒక పక్క కొంచెం ఎక్కువైతే కిటికీ పట్టకంలా మారి బొమ్మని పక్కకి జరుపుతుంది. అన్నీ కుదిరినా ఇది అయిదు మీటర్ల దగ్గర నాభి ఉన్న చాలా బలహీనమైన మైనస్ లెన్సు. ఆ సంగతి లెక్కలో వేసుకోవడం సెన్సర్ చేసేవాళ్ళ బాధ్యత. డ్రాయింగ్‌లో వేశారో లేదో అడగడం మన బాధ్యత.

మైనపు దిమ్మె మీంచి ముక్కని ఊడదీసేటప్పుడు నెమ్మదిగా వేడి చేయాలి, నెమ్మదిగా చల్లార్చాలి. సంక్రాంతి సెలవుల ముందు సాయంత్రం ఒక ముక్క పోయింది, అదీ దాదాపు పూర్తయిన ముక్క. ఏసీ గాలి నేరుగా తగిలింది. "టక్" అని చిన్న చప్పుడు. చాచా చేతిలో రెండు ముక్కలు. ఎవరం ఏమీ అనలేదు. ఆయన వాటిని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు సెలవైనా వచ్చి ఇంకో ముక్క ఎక్కించాడు.

2025 మార్చిలో కోటింగ్‌కి పంపాం. కోటింగ్ లేకపోతే రెండు ముఖాల మీద తిరిగిపోయే కాంతి వల్ల 4 మైక్రాన్ల దగ్గర 88 శాతానికి మించి దాటదు. పూత వేస్తే 95 పైకి పోతుంది. ఇక్కడ వంపు మళ్ళీ అడ్డం తగిలింది. పూత పదార్థం ఆవిరి పైకి నిటారుగా వస్తుంది. నడినెత్తిన ఎదురుగా తగులుతుంది, అంచు దగ్గర ముఖం 37 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి పూత అయిదో వంతు పలచబడుతుంది. పూత పలచబడితే అది పనిచేసే తరంగదైర్ఘ్యం కూడా జరిగిపోతుంది. ముక్కని తనచుట్టూ తాను తిరుగుతూ, చాంబర్‌లోనూ తిరిగేలా జిగ్, అంటే ముక్కని పట్టి ఉంచే చట్రం కావాలి. వాళ్ళ దగ్గర ఉన్న జిగ్ బల్లపరుపు వాటికే. కొత్తది గీసి, చేయించి, ఖాళీ గాజు చిప్పల మీద ప్రయత్నించి కుదుర్చుకునేసరికి ఏప్రిల్ అయింది. జిగ్ ఖర్చు మాదే. కొటేషన్‌లో అదీ లేదు.

మేలో పరీక్షలు. చిన్న బిళ్ళలు వేయించమన్నది ఇందుకు. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి దాటిందో కొలిచే ఎఫ్‌టీఐఆర్ యంత్రం లోపలి గదిలో 120 మిల్లీమీటర్ల చిప్ప పట్టదు. పట్టినా అంచు దగ్గర కిరణం ఏటవాలుగా తగిలి రీడింగ్ తేడా వస్తుంది. అదే హిప్ రన్‌లో, అదే పాలిష్‌తో, అదే కోటింగ్‌తో వచ్చిన బిళ్ళని కొలిచి చూపించాలి. కొనేవాళ్ళ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు. "బిళ్ళ పాసైతే కిటికీ పాసైనట్టని ఎక్కడ రాసుంది?" అన్నాడు. నిజానికి ఎక్కడా రాసి లేదు. డ్రాయింగ్‌లో ఎన్ని శాతం దాటాలో ఉంది, ఎలా కొలవాలో లేదు. ఆ గొడవ తెగక ముందే ఆయన ఒక కిటికీని ట్యూబులైటుకి పట్టుకుని, "మసకగా ఉంది, రిజెక్ట్" అన్నాడు. ఆ కిటికీ జతబిళ్ళ 4 మైక్రాన్ల దగ్గరా, 1.06 దగ్గరా రెండు చోట్లా పాసైంది. కంటికి ఎంత స్పష్టంగా కనబడాలో డ్రాయింగ్‌లో ఒక్క మాట లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కోపంతోనే.

ఉత్తరాలు నడిచాయి. చివరికి సెన్సర్ డిజైన్ చేసిన ఇంజనీరు స్వయంగా వచ్చాడు. ఆ మసక కిటికీని తమ సెన్సర్ ముందు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూపించాడు. బొమ్మలో తేడా లేదు. అప్పుడు ఒక ముక్కని హద్దుగా పెట్టుకున్నారు: దీనికంటే మసకైతే వద్దు, ఇంతవరకూ సరే. దాని మీద ఇద్దరి సంతకాలు, సీలు. అలాంటి ముక్కే ఇప్పుడు వాళ్ళ బీరువాలో ఒకటి, మా బీరువాలో ఒకటి ఉంది. మొదటి రోజే ఇది చేసుకుని ఉంటే మే నెల మిగిలేది. ఉప్పునీటి పొగ, తేమ, టేపు అంటించి లాగడం, వేడీ చలీ మార్చి మార్చి పెట్టడం అంతా మామూలుగా గడిచింది. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అందరూ అడిగేది డబ్బు కాబట్టి అదీ చెప్తాను. అంకెలు చెప్పలేను గానీ వాటాలు చెప్పగలను. మొత్తంలో సగం పైన గ్రైండింగు, పాలిషింగుకే పోయింది, వజ్రం, జీతాలు, మెషీన్ గంటలు కలిపి. తర్వాత హిప్. పొడి మూడో స్థానంలో. అందరూ భయపడే కొలిమి కరెంటు బిల్లు చివరి వరసలో ఎక్కడో ఉంది. ఈ ఆర్డరు మీద మాకు లాభం రాలేదు. చాచా చేతికి, మా ఇద్దరి షాపులకీ ఈ పని మాత్రం పట్టుబడింది.

జూలైలో అదే కొనుగోలుదారు ఇంకో సైజుకి కొటేషన్ అడిగారు. ఈసారి 160 మిల్లీమీటర్ల వ్యాసం. కింద పెట్టే పచ్చి పలక, కోటింగ్ జిగ్, కంట్రోలర్ యూపీఎస్ మూడింటికీ వేరే వరసలు వేశాను. హిప్ స్లాట్ దొరికిన రోజు నుంచి గడువు లెక్కపెట్టాలని, బిళ్ళ రీడింగే కిటికీ రీడింగ్ అని, మసకకి సంతకం పెట్టిన హద్దు ముక్క ఉండాలని మొదటి పేజీలోనే రాశాను. మిగతావన్నీ ఒప్పుకున్నారు, గడువు దగ్గర మాత్రం "తొమ్మిది నెలలు" అని మళ్ళీ రాసి పంపారు. నేను కొట్టేసి తిరిగి పంపాను. ఇంకా జవాబు రాలేదు. ఈలోపు పొడికి మాత్రం ఆర్డరు పెట్టేశాం, రెట్టింపు, ఒకే లాట్.